చౌడు కింద గీతలు

నంద్యాల, ఆదివారం

నాయనా ఓబులేసూ, నేనూ సుప్రజా ఇద్దరం బాగున్నాం, కంగారుపడొద్దు. ఫోన్లో చెప్తే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

నీ కూతురు సుప్రజ ఆర్కిటెక్చర్ పైచదువుకు పెద్ద వ్యాసం రాయాలి కదా, అది లేకుంటే పట్టా రాదట. దానికోసమే పిల్ల, మేముంటున్న మీ చిన్నమ్మ ఇంటి మట్టిమిద్దె ఎక్కి, నెర్రెలన్నింటి పక్కన రంగుతో గీతలు గీసి నెలనెలా కొలుచుకుంటోంది. నాకా సంగతి తెలియదు. మబ్బు కమ్మితే ఇల్లు కారుతుందని భయపడి, పిల్ల బజారుకు పోయినప్పుడు కూలోళ్లను పిలిచి మిద్దెంతా చౌడు మట్టి పోయించాను.

"ఎంత పని చేస్తివవ్వా! మూడు నెల్ల కష్టం పూడ్సిపెడితివే!" అని కూలబడింది. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నిన్న వాళ్ల సారు ఫోన్ చేసి, చౌడు ఎప్పుడు, ఎంత మందాన పోస్తారో మీ అవ్వనే అడిగి రాయి, అదే వ్యాసానికి బలం అన్నాడట. "చెప్పవ్వా, నీ పేరు గూడా ఏస్తా" అని పొద్దున్నుంచి నన్ను కదలనివ్వలేదు. ప్రాణం కుదుటపడింది.

బర్రె ఈనిందా? కోడలి నడుంనొప్పి తగ్గిందా? ఆళ్లగడ్డలో మన మిద్దెకు మాత్రం చౌడు పోయించొద్దు, పిల్ల వచ్చి ముందు గీతలు గీసుకోవాలి. అంతలో వానొస్తే కింద బిందెలు పెట్టుకోండి. అందరూ చల్లగా ఉండండి.

మీ అమ్మ