ముళ్లమొక్క గింజలు

1957 మార్చి 3, ఆదివారం, సుంగై సుమున్ రబ్బరు తోట, మలయా

పిట్టలొచ్చాయి. ఇంగ్లండు నుంచి, ఓడలో, ఇత్తడి పంజరంలో. రెండు. మా తోట మేనేజరు దొరసాని పెనాంగ్ రేవు దాకా ఎదురెళ్లి తెచ్చుకుంది. మా నాన్న అదే రేవులో దిగినప్పుడు ఎదురొచ్చింది కూలీలను తోలే కంగాణి బెత్తం.

బంగళా ఆయా పైడమ్మ సాయంత్రం ఒక అచ్చుకాగితం పట్టుకొచ్చింది. ఆ పిట్టల తిండి, గూడు, గుడ్లు — అన్నీ ఇంగ్లీషులో. ఎవరిచేతనైనా చదివించుకోమందట దొరసాని.

"మీరు తెలుగులో రాసిచ్చేస్తే సాలు, మేస్టారూ. నాను సదువుకుంటాను."

చదువుకుంటుంది. నలభై ఏడులో కూలీల సంఘం నడిపిన సాయంత్రపు బడిలో ఆమెకు అక్షరాలు దిద్దించింది నేనే. మరుసటేడు కమ్యూనిస్టులు అడవి పట్టారని సర్కారు ఎమర్జెన్సీ పెట్టింది. బడికి తాళం, సంఘానికి తాళం, నా పత్రికకు తాళం, నాకు పదకొండు నెలల జైలు. ఆ ఉద్యమం మొత్తంలో మిగిలింది పైడమ్మ అక్షరాలొక్కటే. ఇప్పుడవి దొరసాని పిట్టలకు పనికొస్తున్నాయి.

మార్చి 6

బంగళా వంటింటి వసారా దాకా వెళ్లి చూశాను. ఇంతా చేసి పిచ్చుకంత లేవు. మొహం ఎర్రగా, జాము సీసాలో ముంచి తీసినట్టు. బుగ్గలు తెలుపు, నడినెత్తి నలుపు, వీపు ఇసక రంగు. రెక్క విప్పితే పసుపు పట్టీ. ముక్కు సూదిలా సన్నం. ఆడదాని ఎరుపు కంటి దగ్గర ఆగుతుంది, మగదానిది కన్ను దాటుతుంది. మిగతా అంతా ఒకటే.

గోల్డ్‌ఫించ్ అట. "స్వర్ణచటకం" అని రాశాను.

పైడమ్మ కూడబలుక్కుని చదివింది. "సొర్ణ... సెట... ఏటండీ ఇది? పైడిపిట్ట అంటే సాల్దా?"

కొట్టేశాను. పైడిపిట్ట.

మొహం మాత్రం ఎరుపు, లోపల ఇసక. ఈ జాతిని బాగా ఎరుగుదును. మా తోట పెద్ద కిరాణి, అంటే ఆఫీసు హెడ్డు గుమాస్తా, నలభై ఆరులో నా పక్కన నిలబడి ఎర్రజెండా పట్టుకున్నాడు. ఇప్పుడు ఆగస్టులో రాబోయే స్వాతంత్ర్యానికి, మెర్డెకా సంబరాల కమిటీ కార్యదర్శి. జెండా ఏదైనా కర్ర ఆయనదే.

మార్చి 7

అనువాదం అయింది. ఒక్క మాట దగ్గర ఆగాను — థిసిల్. ఈ పిట్టకు ప్రాణమైన తిండి దాని గింజలేనట. నిఘంటువు తిరగేస్తే, 'ముళ్లు గల ఒక జాతి మొక్క'. ఎంత పాండిత్యం. ఈ ముక్క రాయడానికి పండితుడెందుకు.

"ముళ్లమొక్క గింజలు" అని రాసి పడేశాను. పిట్ట ఏది తింటే నాకేం.

అచ్చుకాగితాన్ని నిఘంటువులో ఆ పేజీలోనే పెట్టాను. పైన పెన్సిలుతో 'ఆయాకు' అని దొరసాని రాత, కింద పొట్టి సంతకం.

మార్చి 8

పైడమ్మ: "ఏ ముళ్లమొక్కండి, మేస్టారూ?"

"ముళ్లున్నది ఏదైనా."

ఏప్రిల్ 11

ఇవాళ్టి నుంచి కూలీల ఇళ్ల బారుల్లో ఎవరి పొయ్యి మీదా బియ్యం ఉడకకూడదు. ఒకేచోట వండి కొలిచి ఇస్తారు. అడవిలో ఉన్నవాళ్లకు ఒక్క గింజ చేరకూడదని సర్కారు పట్టుదల. ముళ్లకంచె దాటి రబ్బరు చెట్ల కిందికి వెళ్లేటప్పుడు నడుములు, రొండులు, టీసీసాలు తడుముతారు. పాలకోసం చెట్లకు గీత గీయడానికి వెళ్లే ఆడది తన కూడు తాను తీసుకెళ్లకూడదు.

బంగళాలో పిట్టలకు డబ్బా నిండా పచ్చి గింజ.

నా భార్య నరసమ్మ ఆ ఉడికిన ముద్దను వేలితో పొడిచి చూసింది. "గోడకి పూసుకోవచ్చు."

మే 19

పైడమ్మ గుప్పెట్లో నల్ల గింజలు తెచ్చింది, పిట్టల డబ్బాలోవి. "ఇవి వలిసెలు, మేస్టారూ. మాయమ్మ సెప్పీది, మా కొండకాడ పసుప్పచ్చగా పూసీవంట. గానుగాడించి నూనె తీసీవోరంట."

నవ్వాను. లండన్ డబ్బాలో మీ కొండ గింజలెందుకుంటాయి అన్నాను.

డబ్బా తెచ్చి చూపించింది. మూత మీద చిన్న అక్షరాలు — ఇండియా గింజ. విశాఖ కొండల్లో పండి, ఓడెక్కి లండన్ పోయి, డబ్బాలో దూరి, మళ్లీ ఓడెక్కి సుంగై సుమున్ వచ్చింది, పంజరంలో పిట్టకోసం. ఆ కొండల మనుషులు ఇక్కడ ముద్దకోసం వరసలో నిలబడ్డారు.

ఇపోలో వచ్చే తెలుగు మాసపత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. మూడు పేజీలు గుక్క తిప్పుకోకుండా వచ్చాయి. గింజ పేరు చెప్పిన మనిషి ప్రస్తావన... అవసరం లేదనిపించింది.

జూన్ 11

గూడు. బూరుగు దూది, కొబ్బరి పీచు పెడితే నాలుగు రోజుల్లో అల్లిందట ఆడది. కాఫీగిన్నెంత. మగది పక్కన పాడుతూ కూర్చుంది. ఆ పని విభజన నాకు తెలిసిన కమిటీలన్నిటిలోనూ ఉంది.

ఐదు గుడ్లు. లేత నీలం, ఎర్ర చుక్కలు. "పన్నెండు రోజులు ఆడది కదలదు. మగది తిండి తెచ్చి నోటికి అందిస్తుంది" — నా అనువాదమే. పైడమ్మ కంఠతా పట్టేసింది.

దొరసాని ఎండ పడక కొండలకు వెళ్లింది. నెలదాకా రాదు.

జూన్ 23

నాలుగు పిల్లలు. ఒక గుడ్డు చెడింది.

డబ్బా అడుగంటింది. కొత్తది ఓడలో ఉందట. పైగా నా కాగితంలో ఉంది కదా — పిల్లలున్నప్పుడు పండీ పండని పాలగింజ కావాలి, పెద్దవి దాన్ని నమిలి నోట్లో పోస్తాయి అని. డబ్బాలో పాలగింజ ఉండదు. పైడమ్మ మొహం పీక్కుపోయింది, తనే పొదిగినట్టు.

జూన్ 24

"అత్తిపత్తి గింజలేసినాను, మేస్టారూ. దానికీ ముళ్లుంటాయి గదా. ముట్నేదు. నానూ ముట్టుకుంటే ముడుసుకుపోయే మొక్కని ఆటికేసినాను, సూడండి."

వ్యాసం ముగింపులో ఉన్నాను. తల ఎత్తలేదు.

"ఇంకో ముళ్లమొక్క చూడు."

"కంచె లోపల అదొక్కటే ఉందండి."

"అయితే బయట చూడు."

జూన్ 26

పైడమ్మను గేటు దగ్గర పట్టుకున్నారు. బయటికి వెళ్లేటప్పుడు కాదు, లోపలికి వచ్చేటప్పుడు. అడవి అంచున కనబడిందట, ఒంటరిగా. చీర మూటలో రకరకాల పచ్చి గింజలు. చేతులనిండా ముళ్ల గీతలు. రవికలో మడిచిన కాగితం.

జూన్ 27

తెలుక్ ఆన్సన్ పోలీసు స్టేషనుకు నన్ను పిలిపించారు. వెళ్లేటప్పుడు బస్సులో పాత కేసేమో అనుకున్నాను. కాదు. అక్కడ తెలుగు చదివేవాడు లేడు. పెద్ద కిరాణి నా పేరు చెప్పాడట — 'మా స్కూలు మాస్టర్'.

తెల్ల అధికారి బల్లమీద కాగితం పరిచాడు. నా చేతిరాత.

చదివి ఇంగ్లీషులో చెప్పమన్నాడు. చెప్పాను. పన్నెండు రోజులు ఆడది కదలదు. మగది తిండి తెచ్చి అందిస్తుంది. పచ్చి గింజలు పిల్లలకు. చెబుతూంటే నాకే వినిపించింది, అది ఎలా ఉందో. అడవిలో ఎవరో పడుకుని ఉన్నట్టు, ఎవరో మోసుకెళుతున్నట్టు.

"పిట్టల గురించి," అన్నాను.

"పిట్టలకు తిండి డబ్బాలో వస్తుందని మేనేజరు చెప్పాడు. ఇది రాసిందెవరు?"

మూల బెంచీ మీద పైడమ్మ. నా వంక చూడలేదు. అక్కడే ఉన్న పెద్ద కిరాణి ఆమెను అదే అడిగాడు, తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

"దారిలో దొరికినాదండి. ఏరుకున్నాను."

"నీకు తెలుసా?" అన్నాడు అధికారి నాతో.

తెలియదన్నాను.

లేచి వస్తుంటే ఆమె గోడకు చెప్పినట్టు అంది, "పిల్లలకి ఎవరేస్తన్నారో ఏటో."

జూన్ 28

తెలియదు. ఇరవై ఏళ్లుగా నేను రాసినవాటన్నిటిలోకి చిన్న వాక్యం.

జూలై 16

దొరసాని వచ్చింది. పోలీసులు అడిగితే, నేనిచ్చింది ఇంగ్లీషు కాగితం, ఈ గిలుకుడు నాకు తెలియదు అందట. అబద్ధం కూడా కాదు. సెప్టెంబరులో దొర, దొరసాని ఇంగ్లండు ఓడెక్కుతున్నారు, వాళ్లకు ఈ గొడవ దేనికి.

కొత్త డబ్బా వచ్చింది. నాలుగు పిల్లలూ బతికాయి. ఆయా పని నరసమ్మకు ఇచ్చారు. వద్దన్నాను.

"ఎందుకొద్దు? పైడమ్మొచ్చీదాకా సేస్తాను. అది వస్తాదా రాదా, మీరే సెప్పాలి."

ఆమెకు చదువు రాదు. నా రాత మాత్రం దూరం నుంచే గుర్తుపడుతుంది.

ఆగస్టు 9

వ్యాసం అచ్చయింది. ఇపో నుంచి రెండు ఉత్తరాలు — నిప్పులు చెరిగారట. నిప్పులు. కుర్చీలో కూచుని.

పెద్ద కిరాణి కూడా ఎవరిచేతో చదివించుకున్నాడు. "గట్టిగా రాశారు మేస్టారూ. సంబరాల్లో తెలుగు ప్రసంగం మీరే చెయ్యాలి." ఇంతకంటే అవమానం చెయ్యడం ఆయనకూ రాదు.

ఆగస్టు 22

పైడమ్మను ఇండియాకు పంపేస్తారట. మొదటి ఓడకే. మూడో ఏట వచ్చింది ఇక్కడికి. భర్త ఇక్కడి మట్టిలో ఉన్నాడు. అక్కడ ఆమెకు తెలిసినవి వలిసె పూలు, అవీ తల్లి చెబితే విన్నవి.

ఆ అచ్చుకాగితం చూపిస్తే చాలు. దొరసాని రాత, సంతకం, 'ఆయాకు'. పోలీసుల దగ్గరున్న నా చేతిరాతను పక్కన పెడితే మాటకు మాట అదే. ఆమె బయటికి, నేను లోపలికి — జైలు చూసినవాడిని, అడవికి తిండి గురించి తెలుగులో రాసినవాడిని, పోలీసుకు అబద్ధం చెప్పినవాడిని. బడి పోతుంది. పౌరసత్వం దరఖాస్తు పోతుంది. ఏ ఓడలో ఆమెను పంపుతారో అదే ఓడలో నన్నూ.

ఇన్నాళ్లూ పిరికివాళ్లను జాతులుగా విడగొట్టి రాశాను. ఒక జాతి తప్పిపోయింది. వాక్యం బాగా రాసేవాళ్లు.

ఆగస్టు 30, శుక్రవారం

రేపు మెర్డెకా. బారులన్నిటికీ కాగితం జెండాలు. పెద్ద కిరాణి నిచ్చెన మీద, జీవితంలో మొదటిసారి చెమటతో. కంచె అలాగే ఉంది, కంచెకూ జెండాలు కట్టారు.

ప్రసంగం రాయలేదు.

నరసమ్మ బంగళా నుంచి వచ్చి చెప్పింది. పైడిపిట్ట పిల్లలకు ఇన్నాళ్లూ తల బూడిద రంగే, తల్లిదండ్రుల పోలికే లేదు. ఇవాళ ఒకదానికి ముక్కు మొదట్లో ఎర్రగా చుక్క దిగిందట. "ఎరుపు పుట్టుకతో రాదు కాబోలండీ. తరవాతొస్తాది." కాగితంలో ఆ ముక్క కూడా ఉంది, నేనే రాశాను. ఆమెకు చెప్పలేదు.

నిఘంటువు తీశాను. అచ్చుకాగితం అక్కడే, 'ముళ్లు గల ఒక జాతి మొక్క' పక్కన. మడిచి చొక్కా జేబులో పెట్టాను. తీశాను. పెట్టాను. తెలుక్ ఆన్సన్ బస్సు రేపు ఉంటుందో లేదో, పండగ కదా... ఉదయం ఏడింటికి మామూలుగా ఉంటుంది.

నరసమ్మ చొక్కా కోసం చెయ్యి చాచింది. "ఉతకాలి. జేబులో ఏటుందో తీసీండి."

"ఉండనీ," అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. జేబు వంక చూసింది, నా వంక చూసింది. "అయితే ఇదే తొడుక్కుంటారా రేపు?"