నూట పద్నాలుగో గదిలో మూత పెట్టిన మూడో ప్లేటు

ఐదో రోజు, ఉదయం

ఓడ అతిథి మర్యాదల అధికారి గారికి,

ఏడో అంతస్తు, నూట పద్నాలుగో గది నుంచి సవినయ నమస్కారాలు.

ముందుగా నన్ను క్షమించాలి. దేనికి క్షమించాలో ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి అన్నిటికీ కలిపి ఒకేసారి అడుగుతున్నాను. ఆకలి వేసినందుకు, రెండు చేతులు ఉన్నందుకు, మీ బఫే హాలుకీ మా గదికీ మధ్య ఐదు అంతస్తులున్నా దారి గుర్తుపెట్టుకున్నందుకు, బంగాళాదుంపలు చల్లారకముందే లిఫ్టు వచ్చినందుకు, నన్నూ మా పెద్దమ్మనూ మన్నించండి. ఈ ఓడ మీద నేను చేసిన, ఇకముందు చేయబోయే నేరాలన్నిటికీ ఈ పేరానే క్షమాపణగా దాచుకోండి. మళ్ళీ మళ్ళీ రాసే శ్రమ తప్పుతుంది.

సంగతేమిటంటే, పొద్దున్నే మా తలుపు కింద నుంచి మీ నోటీసు లోపలికి జారింది. ఫిర్యాదుల పెట్టెలో ఎవరో పేరులేని ప్రయాణికుడు చీటీ వేశాడట. రోజూ మధ్యాహ్నం నూట పద్నాలుగో గదికి బఫే నుంచి మూత పెట్టిన ప్లేట్లు తరలిపోతున్నాయనీ, ఇది చూసేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉందనీ రాశాడట.

నిజమే. మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఓ కాలేజీ హాస్టల్ మెస్ నడిపి మొన్ననే రిటైరయింది. ఈ ప్రయాణం ఆమెకి తోటివాళ్ళు ఇచ్చిన వీడ్కోలు కానుక. నేను తోడు వచ్చాను, అంటే సామాను మోసే విభాగం నాది. మీ హాల్లో ఎనిమిది వందల మంది ఒకరి మోచేయి ఒకరి సూప్‌లో పెట్టి తింటారు. ఆమెకి అది నచ్చదు. "మనం గదిలో కూర్చుని తిందాంరా, పట్టుకురా" అంటుంది. ఆ క్రియాపదం నా మీదే పడుతుంది.

మీ మర్యాదల పుస్తకం పదహారో పేజీ చదివాను. గదికి తీసుకెళ్ళవచ్చు, మనిషికి ఒక ప్లేటు మించరాదు, నడుస్తూ తినరాదు, ఖాళీ ప్లేటు తలుపు బయట పెట్టరాదు అని ఉంది. తిన్నాక ఆ ప్లేటు ఎక్కడికి పోవాలో మాత్రం లేదు. పెద్దమ్మ కడిగి, తుడిచి, బట్టల అలమరలో బోర్లిస్తోంది. తిరిగి ఇద్దామని వెళితే, బయటి పాత్రలు లోపలికి తేకూడదని మీ హాలు గుమ్మంలో మనిషి ఆపేశాడు.

కాబట్టి అయ్యా, మీరే గట్టిగా ఒక నిషేధం రాసి పంపండి. మేం మారు మాట్లాడకుండా మానేస్తాం. ముఖ్యంగా నేను.

ఇట్లు,
పశ్చాత్తాపంతోనూ బంగాళాదుంపలతోనూ నిండిన
తమ విధేయుడు

తా.క.: చీటీ రాసినవాడెవడో మమ్మల్ని చాలా దగ్గర నుంచి చూశాడు. అలాంటివాణ్ణి కనిపెట్టి తగిన సన్మానం చేయాలని నా అభిప్రాయం.


ఐదో రోజు, సాయంత్రం

నూట పద్నాలుగో గది అతిథి గారికి,

మహాశయా,

మీ క్షమాపణ అందింది. చేయబోయే నేరాలకు ముందుగా క్షమాపణ స్వీకరించే పద్ధతి మా కార్యాలయంలో లేదు. ఆ పేరాను కత్తిరించి దీనితో తిప్పి పంపుతున్నాం. అందినట్లు సంతకం చేయగలరు.

మాకు మీ మీద కోపం లేదు. గదికి ఆహారం తీసుకెళ్ళడం మర్యాదే. అయితే బఫే హాలు సిబ్బంది మీరు రోజూ మూడు ప్లేట్లు తీసుకెళుతున్నారని ధ్రువీకరించారు. మా రికార్డు ప్రకారం మీ గదిలో ఉన్నది ఇద్దరు. మూడో ప్లేటు ఎవరిదో ఇరవైనాలుగు గంటల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
అతిథి మర్యాదల అధికారి

తా.క.: అతిథులు పాత్రలు కడగడం మర్యాద కాదు. కడిగిన పన్నెండు ప్లేట్లను ఈ కారణం చేత వంటశాల వారు మళ్ళీ కడుగుతారు.


ఆరో రోజు, ఉదయం

అధికారి గారికి,

కత్తిరించిన క్షమాపణ భద్రంగా అందింది. అంచులు ఎంతో తిన్నగా వచ్చాయి. నా పుస్తకంలో పెట్టుకున్నాను.

మూడో ప్లేటు కథ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. మా పెద్దమ్మ మెస్‌లో రెండింటికి గంట కొట్టి తలుపు మూసేవారు. మూసేముందు ఆమె హాలంతా ఒకసారి కళ్ళతో లెక్కపెట్టేది. రానివాడికి ఒక ప్లేటు వడ్డించి, మూత పెట్టి, గట్టు మీద పక్కకి జరిపేది. వాడు ల్యాబ్‌లో చిక్కుకున్నాడా, ప్రేమలో చిక్కుకున్నాడా అని అడిగేది కాదు. ఎవరికోసమని ఎవరికీ చెప్పేదీ కాదు. నేను అదే కాలేజీలో నాలుగేళ్ళు చదివాను. చదివానన్నది మర్యాదకి అన్నమాట. నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చాను. ఏ ఒక్కరోజూ ఆ మూత కింద ఖాళీ లేదు.

ఇక్కడా అంతే. మీ హాలు మూసేవేళ ఆమె నిలబడి చూస్తూ ఉంటుంది. కత్తి కూడా తగలని కేకును మీవాళ్ళు తీసుకెళ్ళి నల్లసంచిలో వేస్తారు. సంచిలోకి పోతే పరిశుభ్రత, మూత కింద ఏడో అంతస్తుకి పోతే అమర్యాద. ఈ తేడా ఆమెకి బోధపడేలా చెప్పడానికి నా డిగ్రీ చాల్లేదు.

ఆ ప్లేటు ఎవరిదో నాకూ తెలియదు. అడిగితే "ఆలస్యమయ్యేవాడు ఒకడుంటాడు, వస్తాడు" అంటుంది. నేను తినేసి డెక్ మీదికి పోతాను. నాలుగింటికి తిరిగొచ్చేసరికి అది కడిగి బోర్లించి ఉంటుంది.

ఇట్లు,
మొదటి రెండు ప్లేట్లకి మాత్రమే బాధ్యుడు

తా.క.: మంచం కింద ఎవరినైనా దాచామని అనుమానించకండి. అక్కడ రెండు లైఫ్ జాకెట్లు, ఒక పెట్టె, ఆరు అరటిపండ్లు ఉన్నాయి. నాలుగోవాడికి చోటు లేదు.


ఏడో రోజు, మధ్యాహ్నం

నూట పద్నాలుగో గది అతిథి గారికి,

మహాశయా,

మీ ఉత్తరాన్ని భద్రతా విభాగంతో కలిసి మూడుసార్లు చదివాం. "నాలుగోవాడికి చోటు లేదు" అని మీరే రాశారు గనుక మూడోవాడికి చోటు ఉన్నట్లు విభాగం వారు అర్థం చేసుకున్నారు. టికెట్టు లేని వ్యక్తి ఓడలో దాగి ఉన్నాడనే అనుమానంతో ఈ ఉదయం పదింటికి ప్రయాణికులందరినీ లైఫ్ జాకెట్లతో డెక్ మీదికి పిలిచి లెక్కించాం. రెండు గంటలు పట్టింది. అతిథుల సహనానికి కృతజ్ఞతలు.

లెక్కలో ఒకరు ఎక్కువ వచ్చారు.

ఇట్లు,
అతిథి మర్యాదల అధికారి

తా.క.: మళ్ళీ చూడగా, లెక్కపెడుతున్న నన్ను కూడా నేను లెక్కలో వేసుకున్నట్లు తేలింది. ఈ విషయం మీ వద్దే ఉంచగలరు.


ఏడో రోజు, సాయంత్రం

అధికారి గారికి,

ఉంచుతాను. ఎనిమిది వందల మందిమి ఎండలో నారింజరంగు మూటల్లా నిలబడి మీరు వేళ్ళు మడుస్తూ పెదవులు కదుపుతూ వెళ్ళడం చూశాం. పెద్దమ్మ మాత్రం వరుస దాటి వెళ్ళి, కాఫీ తాగకుండా వచ్చినవాళ్ళెవరో కనుక్కుంది. పంతొమ్మిది మందట. వాళ్ళకి కాఫీ మోసింది ఎవరో చెప్పక్కర్లేదు.

నా బాధ కూడా కొంచెం రికార్డు చేయండి. మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, తెల్లచొక్కాతో లిఫ్టులో ఐదు అంతస్తులు దిగే మనిషిని లోకం ప్రయాణికుడనుకోదు. రెండో రోజు ఒక పెద్దాయన తాగేసిన గ్లాసు నా చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను, అదీ నా తప్పు. మూడో రోజు ఒకావిడ తన గదికి తువ్వాళ్ళు రాలేదని నన్ను నిలబెట్టి అడిగింది. నేను తెచ్చిచ్చాను. నాలుగో రోజు నా వయసువాళ్ళు నలుగురు లిఫ్టులో ఉండగా, వాళ్ళలో అంతకు ముందురోజే నాకు నవ్వుతూ హలో చెప్పినావిడ, సూప్‌లో ఉప్పు తగ్గిందని నాకు ఫిర్యాదు చేసింది. నేను వంటవాళ్ళతో చెబుతానన్నాను.

పెద్దమ్మ మాటకి ఎదురు చెప్పడం నా వల్ల కాదు. నాలుగేళ్ళు ఆమె మూత తీసి తిన్నవాణ్ణి. అందుకని మీరే ఆమెకి ఒక్క ముక్క రాయండి, ఇక ప్లేట్లు మోయించవద్దని. దాక్కున్నవాణ్ణి వెతకడం మానండి. వాడు లేడు.

ఇట్లు,
సిబ్బందిలో జీతం లేనివాడు

తా.క.: తువ్వాళ్ళావిడ నా పని బాగుందని మీ అభిప్రాయాల పుస్తకంలో రాసిందట. అది నా ఫైల్లో వేయండి.


ఎనిమిదో రోజు, సాయంత్రం

నూట పద్నాలుగో గది అతిథి గారికి,

మహాశయా,

ఈ రోజు మూడుంపావుకి మీరు డెక్ మీద ఉన్న సమయంలో మీ గదిని తనిఖీ చేశాం. మూడోవాడు దొరికాడు.

మీ వరుసలోని ఇరవై రెండు గదులు సర్దే మా ఉద్యోగి మీ కుర్చీలో కూర్చుని, మూత తీసిన ప్లేటు ముందు, చెంచా నోట్లో ఉండగా కనిపించాడు. లేవబోయాడు. మీ పెద్దమ్మగారు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, నాతో, "ఆయన తిని లేచేదాకా ఏదైనా ఆగుతుంది. మీరూ కూర్చోండి బాబూ" అన్నారు. నేను మంచం అంచున కూర్చోవలసి వచ్చింది. తనిఖీ పదకొండు నిమిషాలు ఆలస్యమైంది.

సిబ్బంది భోజనశాల రెండున్నరకి మూస్తారు. అతని పని మూడింటికి ముగుస్తుంది. ఈ రెండింటికీ పొంతన కుదర్చడం వేరే కార్యాలయం పరిధిలోనిది. అతిథుల ఆహారం సిబ్బంది తినడం మాత్రం మా పరిధిలోనిదే. నిబంధన ప్రకారం ఎల్లుండి ఉదయం ఎనిమిదింటికి, ఓడ రేవులో ఆగగానే, అతన్ని దించేస్తాం. అతను ఈ ఓడలో చేరి పదకొండేళ్ళయింది. మళ్ళీ ఏ ఓడలోనూ తీసుకోరు.

ఇందులో నా సొంత ఇష్టమేమీ లేదు. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం ఫిర్యాదు నిలిచి ఉన్నంతకాలం విచారణ నిలిచి ఉంటుంది. ఫిర్యాదుదారుడు తన చేతిరాతతో వెనక్కి తీసుకుంటే విచారణా, అందులో తేలినవన్నీ రద్దవుతాయి. కానీ చీటీ మీద పేరు లేదు. ఎనిమిది వందల మంది చేతిరాతలు చూసే సమయం నాకు లేదు.

ఇట్లు,
అతిథి మర్యాదల అధికారి

తా.క.: వెళ్ళబోతుంటే మీ పెద్దమ్మగారు నా భోజనం అయిందా అని అడిగారు. విచారణకు సంబంధం లేని ప్రశ్న గనుక రికార్డు చేయలేదు. కాలేదు.


తొమ్మిదో రోజు, ఉదయం

అధికారి గారికి,

నిన్న మీ ఉత్తరం చదివి గది బయటికి వచ్చాను. కారిడార్లో గదులు సర్దే ఆయన ఎదురయ్యాడు. తువ్వాళ్ళ బండి తోసుకుంటూ, నాకు దారి ఇచ్చి, మామూలుగానే నవ్వాడు. మీకు ఇబ్బంది తెచ్చాను సార్, అన్నాడు. ఆయన నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది.

పెద్దమ్మ అలమరలో ప్లేట్లు ఒకసారి దించి, తుడిచి, మళ్ళీ బోర్లించింది. తర్వాత, "మెస్‌లో ఇన్నేళ్ళలో ఆ మూత గురించి ఒక్కడూ చాడీ చెప్పలేదురా" అంది. నేను కిటికీలోంచి సముద్రం చూశాను. సముద్రంలో చూడదగ్గదేమీ లేదు.

కాబట్టి ఫిర్యాదుదారుణ్ణి పట్టుకున్నాను. వివరాలు రాసుకోండి. వయసు ఇరవై మూడు. డిగ్రీ ఉంది, వెన్నెముక ఉందో లేదో పరీక్ష చేయించాలి. లిఫ్టులో నలుగురి ముందు పడిన చిన్నతనం మోయలేక, ఒక పెద్దావిడకి ఎదురుగా "నేను మోయను" అని చెప్పే ధైర్యం లేక, ఆ రెండు మాటలు మీ చేత చెప్పిద్దామని గులాబీరంగు కాగితం మీద ఆకుపచ్చ సిరాతో చీటీ రాసి పెట్టెలో వేశాడు. మూడో ప్లేటులో ఎవరి భోజనం ఉందో వాడు తెలుసుకోలేదు. తన రెండు ప్లేట్ల దాకా వాడికి లెక్క బాగా వచ్చు.

వాడి ఉపసంహరణ పత్రం దీనితో జత చేశాను. చీటీతో పోల్చి చూడండి. అదే కాగితం, అదే సిరా, ముగింపు దగ్గర అదే వంకర. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం రేపు ఎనిమిదింటికి ఆ ఇరవై రెండు గదులు సర్దడానికి ఆయన ఓడలోనే ఉండాలి. ఉండకపోతే నేను రేవులో దిగి మీ పై కార్యాలయానికి ఉత్తరాలు రాయడం మొదలుపెడతాను. నా ఉత్తరాలు ఎంత పొడుగుంటాయో మీకు తెలుసు.

ఇట్లు,
నూట పద్నాలుగో గది

తా.క.: ఈ పూట పెద్దమ్మ నాలుగు ప్లేట్లు తెమ్మంది. నాలుగోదాని మీద మూత పెట్టి, ఒంటిగంట నుంచి ఉంచుతుందట. మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. నాలుగూ నేనే మోస్తున్నాను, లిఫ్టులో ఎవరైనా సూప్ సంగతి అడిగితే సమాధానం కూడా చెబుతాను.

రెండో తా.క.: మీరు కత్తిరించి పంపిన క్షమాపణ ముక్కని కూడా జత చేస్తున్నాను. అంచులు అతికించి నా మొదటి ఉత్తరంలో మళ్ళీ పెట్టుకోండి. అది రాసినప్పుడు అందులో ఒక్క మాటా నిజం కాదు. ఓడ మీద నేను చేసిన నేరం ఒక్కటే, అది అప్పటికే చేసేశాను. ఆ చీటీ రాసింది నేనే.