ఎవరి పెన్‌డ్రైవ్

మహబూబాబాద్, 12 ఫిబ్రవరి 2010, శుక్రవారం

సోమవారం కాలేజీ కంప్యూటర్లో వైరస్ చేరి పిల్లల మార్కులన్నీ పోయాయి. ఆపరేటర్ కమలే తెలంగాణ ఉద్యమ పాటల కోసం పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటుందని స్టాఫ్‌రూంలో అందరి ముందూ అన్నాను.

"నేను పెట్టలే మేడం, నమ్ముండ్రి," అంది. ప్రిన్సిపాల్ ఆమెను పనిలోంచి తీసేశారు.

ఈరోజు ఆ కంప్యూటర్‌కు ఏ పరికరం ఎప్పుడు తగిలించారో చూపించే సాఫ్ట్‌వేర్ నడిపాను. సోమవారం పెట్టింది ఒక్కటే, నాది. ర్యాలీకి పాటలు పంచడానికి నేనే పెట్టి మరిచిపోయాను. నిజంగా మరిచిపోయానా? కమల తండా పిల్ల కాబట్టి అనుమానం అటు పోయిందా?

సాయంత్రం కమల తన టిఫిన్ డబ్బా కోసం వచ్చింది.

"ఏమన్న దొరికిందా మేడం?"

"నీదేం కనబడలేదు."

"చెప్పిన గదా! జర గా ముచ్చట సార్‌కు చెప్పుండ్రి."

తల ఊపాను. ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచే ఉంది. దాని ముందు నుంచే నడిచి బస్సెక్కాను.