గౌరయ్య బండిలో వణుకు

మేడ్చల్,
17 నవంబరు 2024, ఆదివారం.

చిరంజీవి సుచిత్రకు,

మీ ముత్తయ్య కాక దీవించి రాసేది ఏమనగా, ఇక్కడ నేనూ మీ చిన్నమ్మా బాగానే ఉన్నాం. కుత్బుల్లాపూర్‌లో నువ్వూ, అల్లుడు బాలేషూ, పిల్లా చల్లగా ఉన్నారని తలుస్తాను. బాగా లేనిదల్లా మీ నాయిన గౌరయ్య బండి ఒక్కటే. ఈ ఉత్తరం దాని కోసమే.

మొన్న ఫోన్లో నన్ను మర్యాదగానే తిట్టావు. ఇరవై రోజులుగా బండి నా మెకానిక్ షెడ్డులో పడి ఉందనీ, నాయిన సరిగా అన్నం తినడం లేదనీ, చేతనైతే బాగు చేయాలి గాని ఇట్లా నానబెట్టొద్దనీ అన్నావు. అన్నదాంట్లో తప్పు లేదు. ఫోన్లో నాకు మాటలు రావు కాబట్టి ఊ కొట్టి పెట్టేశాను. కాగితమైతే ఎదురు మాట్లాడదు.

మొదటి నుంచీ చెబుతాను. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, పూలకు మంచి గిరాకీ ఉన్నప్పుడు, మీ నాయిన పికప్ తెచ్చి షెడ్డు ముందర ఆపాడు. ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది, స్టీరింగ్ వణుకుతోంది, శామీర్‌పేట తోటల్లో చామంతి కోసి పెట్టి ఉంది, జల్దీ చూడమన్నాడు.

నేను చదివింది నాలుగో తరగతి. ఇంజన్ చదువు మాత్రం ఉస్తాద్ దగ్గర చెవితో నేర్చుకున్నాను. కళ్లు మూసుకుని ఏ సిలిండర్ తప్పుతోందో చెబితేనే ఆయన చాయ్ తాగించేవాడు. మొదటి ఏడాది నాకు చాయ్ దొరకలేదు. నాకు చాయ్ ఇష్టమో, గెలవడం ఇష్టమో ఇప్పటికీ తెలియదు. ఏదో చెప్పబోయి ఎటో పోతున్నాను, మీ చిన్నమ్మ తిట్టేది ఇందుకే.

మిస్సింగ్ పట్టుకోవడానికి గంట పట్టలేదు. ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ పోవాలి. వదులు చేసినప్పుడు ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. మూడోది వదులు చేస్తే ఇంజన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. అంటే అది ముందే పని మానేసింది. దానికి డీజిల్ చిమ్మే నాజిల్ మార్చాను. సాయంత్రానికి ఇంజన్ బుద్ధిగా నడిచింది.

మర్నాడే మీ నాయిన గౌడవెల్లి నుంచి తిరిగి వచ్చాడు. మిస్సింగ్ పోయింది గాని వణుకు పోలేదట. నిలబడి వణికితే ఇంజన్ని చూడు, నడుస్తూ వణికితే చక్రాలనూ షాఫ్టునూ చూడు అనేవాడు ఉస్తాద్. నేను రెండూ చూశాను. ఇంజన్ కింది రబ్బర్లు మార్చాను. మళ్లీ వచ్చాడు. షాఫ్టు జాయింటు మార్చాను. మళ్లీ వచ్చాడు. నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగ్ చేయించాను. నేను శామీర్‌పేట దాకా నడిపితే బండి నీళ్ల మీద పడవలా పోయింది. ఆయన నడిపితే వణుకు. నీ చేతిలో పస పోయింది అన్నాడు. నలభై ఏళ్ల దోస్తు అంత మాట అంటే రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆ రెండు రోజుల్లోనే పూల మార్కెట్ గేటు స్తంభానికి బండిని గుద్దాడు. పక్క సీట్లో పూల గంప ఒళ్లో పెట్టుకుని మీ అమ్మ సాలమ్మ ఉంది. లైటు పగిలింది, మనుషులకేమీ కాలేదు.

అందుకని ఇంజన్ మొత్తం విప్పాను తల్లీ. క్రాంక్ షాఫ్టు వంగింది. ఆ బండికి ఇప్పుడది దొరకదు. పదహారేళ్లు నడిచింది, ఇక నడవదు. నా మాట ఆయన వినడు, నువ్వు చెబితే వింటాడు. ఇంకో బండి కొంటానంటే మాత్రం వద్దని చెప్పు.

ఇట్లు,
మీ కాక
ముత్తయ్య

తా.క. మంగళవారం. పై ఉత్తరం పట్టుకుని పోస్టాఫీసు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఇంజన్ నేను విప్పలేదు. క్రాంక్ షాఫ్టుకు ఏమీ కాలేదు. బండి నిక్షేపంలా ఉంది.

స్తంభానికి గుద్దిన మర్నాడు, ఈసారి నేను పక్కన కూర్చుని ఆయన్ని నడపమన్నాను. గౌడవెల్లి దారిలో పక్కకు ఆపించి ఇంజన్ బంద్ చేయమన్నాను. చేశాడు. స్టీరింగ్ మీది కుడిచెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. దాని మీద నా చెయ్యి పెట్టాను. ఎన్నో ఇంజన్ల మీద పెట్టిన చెయ్యే, సుచిత్రా. ఆ వణుకు నా అరచేతిలోకి వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నా వైపు చూడలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి అన్నాడు.

"ముత్తిగా, బండిదే అని చెప్పురా."

ఉగాది నుంచీ ఇదే వరసట. అంగీ గుండీలు మీ అమ్మే పెడుతోంది. వయసు మీద పడ్డాక గారాబం ఎక్కువైందని ఆమె నవ్వుకుంటోంది. ఆమెకు తెలియదు. నేనేమో మంచి బండికి మూడుసార్లు సామాన్లు మార్చాను గాని, స్టీరింగ్ పట్టుకున్న చేతిని ఒక్కసారీ చూడలేదు.

బండిదే అని చెబుతానని మాటిచ్చాను. బండి రెండో తాళంచెవి ఆయన దగ్గర ఉంది కాబట్టి డీజిల్ పైపు తీసి దాచాను. రోజూ పదకొండింటికి వస్తాడు. స్టూలు మీద కూర్చుని సామాను వచ్చిందా అని అడుగుతాడు. రాలేదంటాను. తొందరేం లేదులే అని వెళ్లిపోతాడు. బండిని నేను కావాలనే ఆపుతున్నానని ఆయనకు తెలుసు. ఆపమనే వస్తున్నాడేమో, అదీ తెలియదు.

ఇచ్చిన మాట ఈ కాగితం మీద తప్పాను. స్తంభానికి గుద్దిన రోజు పక్క సీట్లో మీ అమ్మ లేకపోతే తప్పేవాణ్ని కాదేమో. నాయినను నరాల డాక్టరుకు చూపించు. మందులున్నాయంటున్నారు. నేను చెప్పానని చెప్పకు, చెయ్యి వణకడం నీ కళ్లకే కనబడిందని చెప్పు. ఊళ్లో ఎవరడిగినా బండి పాడైందనే చెప్పు.

రేపు పదకొండింటికి మళ్లీ వస్తాడు. రాలేదని చెప్పడానికి ఆ బండిలో నాకింక సామాను పేర్లు మిగల్లేదు. జల్దీ రా బిడ్డా.