నేను తోమేసిన కిలుము

ఘాజియాబాద్

పూజ్యుడైన అన్నయ్యకు, చెల్లెలు రత్తమ్మ పాదాలకు దండం పెట్టి రాస్తున్నది.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కడం మానేశావా, వదిన కళ్లుగప్పి డాబా మీదికి వెళుతూనే ఉన్నావా? వదినకు షుగరు అదుపులో ఉందా? పెద్దబ్బాయి దగ్గు తగ్గిందా? చంటిదానికి పళ్లు వస్తున్నాయన్నారు, జ్వరం కాయలేదు కదా? ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయించు. అందరూ బాగున్నారని ఒక్క ముక్క రాస్తే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడ మేం క్షేమం. చలి ఎముకల్లోకి దిగుతోంది, అయినా నేను బాగానే ఉన్నాను, రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నాను, కంగారు పడకు. ఈ ఇల్లు చూస్తే నువ్వు నవ్వుతావు. ఒక గోడ మామిడిపండు పసుపు, ఎదుటి గోడ నీలం, సోఫా చిలకపచ్చ. అన్నీ కోడలు లావణ్య ఏరి వేయించినవే. మొదట్లో కళ్లు తిరిగేవి. ఇప్పుడు పొగమంచు రోజుల్లో ఆ పసుపు గోడ పక్కన కూర్చుంటేనే ప్రాణానికి హాయిగా ఉంటోంది.

లావణ్య శిల్పాలు చేస్తుందని నీకు తెలుసు. దేవుడూ కాదు, మనిషీ కాదు. పోయిన నెల రాగి రేకులు వంచి, నా ఎత్తున రెండు పడవల్లాంటివి ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు నిలబెట్టింది. "ఇదేంటమ్మా?" అంటే "ఏదీ కాదత్తయ్యా, ఊరికే చూడండి" అంటుంది. ఢిల్లీలో ఒక పెద్ద ప్రదర్శనకు ఆమె పని తీసుకోవడం ఇదే మొదలు.

అన్నయ్యా, నా చేతులు విరగ్గొట్టాలి. మా వాడూ లావణ్యా బయటికి వెళ్లినప్పుడు చూస్తే ఆ రాగి శిల్పం నిండా పచ్చగా కిలుము పట్టి ఉంది. పదిమందీ చూసే వస్తువు, పాపం తీరిక లేక తోముకోలేదనుకున్నాను. చింతపండూ ఉప్పూ వేసి మధ్యాహ్నమంతా తోమి, దేవుడి చెంబులా తళతళలాడించాను. ఆ కిలుము ఆమె మూడు వారాలు కష్టపడి తెప్పించుకున్న రంగట!

మనవరాలు ముందు చూసింది. "దాదీ, యే క్యా కర్ దియా!" అని, అదే, ఏం చేసేశావు నానమ్మా అని, నోటిమీద చెయ్యి వేసుకుంది. మా వాడు "అమ్మా, అది బిందె కాదే!" అని తల పట్టుకున్నాడు. లావణ్య అన్నం తినకుండా వెళ్లి పడుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాడు "ఠీక్ హై అత్తయ్యా, వదిలేయండి. ఈసారికి పంపలేనని చెప్పేస్తాను" అంది.

"ఎందుకు వదిలేస్తాం? ఎలా తెప్పించావో చెప్పు, నేను కూర్చుంటాను" అన్నాను.

వెనిగరులో ఉప్పు కలిపి చిలకరించాలి, ప్లాస్టిక్ పట్టా కప్పాలి, ఆరాక మళ్లీ చిలకరించాలి. చేత్తో ముట్టకూడదు. నాలుగు రోజులైనా ఏమీ రాలేదు. నేను మాటిమాటికీ పట్టా ఎత్తి చూస్తుంటే "అన్నం ఉడికిందా అత్తయ్యా?" అని లావణ్య నవ్వింది. ఆ గొడవ తర్వాత నవ్వడం అదే మొదలు. ఈ చలికి పాలే తోడుకోవడం లేదు, రాగికి మాత్రం రంగు ఎలా వస్తుంది అనిపించింది. పెరుగు గిన్నెకు చుట్టినట్టే పట్టా మీద పాత దూది రజాయి కప్పించి, ఎండ పడే బాల్కనీలోకి జరిపించాను. మూడో రోజుకు అంచు వెంట పచ్చ దిగింది! లావణ్య వంగి చూసి "ముందుదానికంటే బాగుంది, నిజం" అంది. నా మనసు కోసం అందేమో, తెలియదు.

ఇప్పటికి రెండు పడవల్లో ఒకటి పూర్తయింది, రెండోది సగమే. ప్రదర్శన వాళ్లు పట్టుకెళ్లడానికి ఇంకా పన్నెండు రోజులు గడువుంది. అందుకని నువ్వు తీయించిన ఫిబ్రవరి ఆరో తారీకు టికెట్టు రద్దు చేయించు. నీకు కోపం వస్తుంది, తెలుసు. పాడు చేసి మధ్యలో రైలెక్కి వచ్చేయలేను. లావణ్య సరిగా తినడం లేదు, వదినను ఒక సీసా గోంగూర పచ్చడి పంపమను, మూత గట్టిగా బిగించమను.

పిన్నికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. రెండోది కూడా పచ్చబడాలని నువ్వూ వదినా దీవించండి. అది ఇరవయ్యో తారీకున ప్రదర్శనలో నిలబడడం నా కళ్లతో చూసి మర్నాడే బయలుదేరతాను. ఫిబ్రవరి ఇరవై మూడు పొద్దున స్టేషనుకు మనిషిని పంపు, ఆ తారీకు ఇక మారదు.

నీ చెల్లెలు
రత్తమ్మ