మొప్పల వాసన

మంగళవారం

పదేళ్ళుగా నా దగ్గరే చేపలు కొనే మాస్టారి భార్య, పొద్దున తీసుకెళ్ళిన పండుగప్పను మధ్యాహ్నం కొట్టుకి తిరిగి తెచ్చారు. "ఏంటి మంగా ఇది? వాసనొచ్చేస్తోంది" అన్నారు, పక్క కొట్లవాళ్ళకు వినపడకుండా. ఇరవై ఏళ్ళుగా మొప్ప ఎత్తి వాసన చూడందే నేను చేప కొని ఎరగను. ఈరోజూ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఉత్త అలవాటుగా. ఎర్రగానే ఉంది కదా అనుకున్నాను. "మార్చి ఇస్తానమ్మగారూ" అన్నానే గానీ, ఇంకో చేప తీయడానికి చెయ్యి రాలేదు.

తలనొప్పులకి తీసిన స్కాన్‌లో, మెదడు అడుగున, ముక్కుకి సరిగ్గా పైన గడ్డ ఉందని తేలి నెల అయింది. "కేన్సర్ కాదమ్మా, నెమ్మదిగా పెరిగే రకం. ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం" అన్నారు రాజమండ్రి డాక్టరుగారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆపరేషన్ చేసినా నాకు వాసనలు మళ్ళీ తెలియకపోవచ్చని ఆయనన్న మాట మాత్రం నేనెవరికీ చెప్పలేదు. అసలు నాకు వాసన తెలియడం లేదనే వాళ్ళకి తెలియదు. ప్రాణానికి ఫరవాలేదన్నాక ముక్కు గురించి ఏడిస్తే ఏమనుకుంటారో...

రోజూ ఇంటికి రాగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటాను. ఈరోజు రుద్దుకోలేదు. అన్నం వడ్డిస్తుంటే అమ్మాయి ముఖం పక్కకి తిప్పుకుంది.

"చేతులు కడుక్కోలేదా అమ్మా? ఒకటే వాసన!"

"ఎలా ఉందే?" అన్నాను.

"చేపల వాసనే. ఎలా ఉంటుందేంటి?"

ఇంకాస్త చెప్పవే అనబోయి, లేచి వెళ్ళి నిమ్మకాయ కోశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అదీ అంతే.