అమ్మ వద్దన్న అంబలి

నవంబరు 6

అమ్మ వచ్చింది. అన్న జీపులో దింపి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. లోపలికి రమ్మంటే రాదు, మెట్టు మీదే కూర్చుంది. "ఉండుమీ, కూసింతసేపు... కళ్లు తిరుగుతన్నాయి" అంది.

చిక్కిపోయింది. జాకెట్టు భుజం మీంచి జారిపోతోంది. చూసి చూసి వంటింట్లోకి వచ్చేశాను.

నవంబరు 7

బడికి సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగరు. ఎప్పటినుంచో ఉండి ఉంటుందట. ఎవరు చూశారు గనుక?

డాక్టరమ్మ చిన్నపిల్ల. ఓపిగ్గానే చెప్పింది. మాత్రలు. మైదా పూర్తిగా బంద్ — బన్ను, పరోటా, రస్కు, బిస్కెట్టు, అన్నీ. తెల్లన్నం తగ్గించాలి. చోళ్లు — అదే, రాగులు — సామలు పెట్టండి. "మీ కొండల్లో పండేవేగా, మీకేం కష్టం?" అని నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇంట్లో చోళ్లు పండింది నాన్న ఉన్న రోజుల్లో. ఇప్పుడా వాలంతా అన్న వేసిన కాఫీ.

అమ్మ అంతా విన్నది. దారిలో ఒక్కటే అడిగింది — "బన్ను కూడానా?"

నవంబరు 8

చోడిపిండి కొన్నాను. టూరిస్టుల కోసం రోడ్డు మీద పెట్టిన కొట్లో. అట్టపెట్టె, దాని మీద థింసా ఆడే ఆడవాళ్ల బొమ్మ. చోళ్లు పెట్టెలో కొనుక్కునే రోజు నాకే వచ్చింది.

సాయంత్రం అంబలి కాచాను. మజ్జిగ, ఉల్లిపాయ, ఉప్పు. గ్లాసు చేతిలో పెట్టాను. వాసన చూసి కింద పెట్టేసింది.

"అంబలి తాగడానికేటి నన్ను తీసుకొచ్చినావు?"

"డాక్టరమ్మ చెప్పింది కదమ్మా."

"డాక్టరమ్మకేటి తెలుసు? కరువులో మావిడి టెంకల పిండి కాసుకు తాగినాం. అది దాటినాక చోడంబలి. పొద్దున అదే, రాత్రి అదే. నిన్ను వీపున కట్టుకుని కొండ దున్నినప్పుడూ అదే. ఇప్పుడు నా గుంటవి, నీకు గవర్నమెంటు జీతం. మళ్లీ నాకు ఆ కూడేనా?"

తను ఏళ్ల తరబడి తప్పించుకోవాలని చూసిన గిన్నెనే తెచ్చి ముందు పెట్టాను.

నవంబరు 10

మాత్ర వేసుకుంది. అంబలి ముట్టలేదు.

నవంబరు 13

ఈ రోజు చోడి రొట్టె. మునగాకు, పచ్చిమిర్చి వేసి మెత్తగానే చేశాను. ఒక ముక్క తుంచి నములుతూ నా వైపు చూసింది.

"ఇది నువ్వు తింతన్నావా? నీ మొగుడు తింతన్నాడా?"

నిజమే. పొద్దున నేను బడి దగ్గర కొట్లో పూరీ తిన్నాను. ఆయన బొర్రా గుహల దాకా టూరిస్టుల బండి తోలతారు, తిండంతా దారిలో పరోటా పెనాల దగ్గరే. ఇద్దరం బయట మైదా తిని వచ్చి, ఆమెకి ఇంట్లో పథ్యం చెబుతున్నాం.

ఆయనతో అన్నాను — రేపటినుంచి ముగ్గురికీ ఒకటే వంట, బయట తిండి వద్దు. "సరే" అన్నారు. ఆ సరేలో బలం లేదు.

నవంబరు 15

బడిలో ఆహారం పాఠం. "చోళ్లు ఎవరింట్లో తింటారు?" అని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి వెనక బెంచీ నుంచి — "మా తాత తింతాడు టీచరు. మాం తినం." అందరూ నవ్వారు. పాఠం పూర్తి చేశాను. చిరుధాన్యాల వల్ల లాభాలు బోర్డు మీద రాశాను, పిల్లలు ఎక్కించుకున్నారు. గంట కొట్టగానే బిస్కెట్టు ప్యాకెట్లు చింపుతున్న చప్పుడు.

నవంబరు 19

అమ్మ దుప్పటి దులిపితే బన్ను పొడి రాలింది.

ఆయన్ని అడిగాను. దాచలేదు. "నానే తెచ్చాను. రెండు చేతులూ పట్టుకుని అడిగింది. అంత పెద్దమనిషి నా చేతులు పట్టుకుంతే ఏటి సెయ్యమంతావు?"

అరిచాను. చాలా. ఆమె కళ్లు పోతే నువ్వు చూపిస్తావా దారి, అన్నాను. ఆయన బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

అమ్మ మంచం మీంచే — "అల్లుణ్ణి ఏటీ అనకు. నాను అడగనేదు. నా నోరు అడిగింది."

నవంబరు 20

ముగ్గురం మూడు మూలల్లో.

నవంబరు 22

సంత. అన్న వచ్చాడు, కాఫీ గింజల పని చూసుకుని. చేతిలో పరోటా పొట్లం, జిలేబీ. ఆకు విప్పి అమ్మ ముందు పెట్టాడు.

"అన్నా, వద్దు. పక్షవాతం వస్తుంది, కళ్లు పోతాయి—"

"ముసిలిది. ఎన్నాళ్లుంతాది? నోటికి నచ్చింది తిననీ. మన అయ్య జన్మంతా చోడంబలే తాగేడు. ఉండిపోయేడా?"

నాన్న పోయింది మలేరియా జ్వరంతో. ఆ రాత్రి డోలీ మోసిన వాళ్లలో అన్న కూడా ఉన్నాడు. వాడికి తెలీదా? తెలుసు.

అమ్మ తింది. దొంగతనంగా కాదు. పండగ తిండిలా, వేళ్లకంటిన నూనె కూడా వదలకుండా. మధ్యలో ఒక ముక్క తుంచి నా వైపు చాపింది — "తినవే, వేడిగుంది."

లాక్కోవాలి. లాక్కోలేదు. ఆ ముక్క తీసుకుని నేనూ తిన్నాను.

నవంబరు 27

మంచి రోజు. రాయాలి, ఎందుకంటే తక్కువ.

సామలన్నం, కొత్త కందికాయల కూర. అమ్మ మారు అడిగింది! ఆయన ముఖం చూడాలి — ఆమెకి వడ్డిస్తూ గరిటె కిందేసుకున్నారు. "పరవానేదు, గొంతుకి అడ్డపడనేదు" అంది అమ్మ. మా ఆయనతో నాకు మాటలు కలిశాయి కూడా.

నవంబరు 28

అదే సామలు. అదే కూర. "నిన్న తిన్నాను కదా" అని పక్కకి తిరిగి పడుకుంది.

డిసెంబరు 4

చేతుల నుంచి ఇంకా కాలిన వాసన పోలేదు. అయినా రాస్తాను.

చలి బాగా ముదిరింది. తెల్లవారగానే పెరట్లో చితుకులు పోగేసి మంట వేశాను. అమ్మ పీట వేసుకుని కాళ్లు చాపి కూర్చుంది. నేను నీళ్లు పట్టడానికి వెళ్లాను. వలిసె చేల పసుపు పూలు చూడ్డానికి వచ్చిన కార్ల హారన్లు అప్పుడే రోడ్డు మీద. తిరిగి వస్తుంటే వాసన. జుట్టు కాలినట్టు... కాదు.

అమ్మ పాదం నిప్పుల్లో ఉంది. మడమ పక్కన ఎర్రటి కట్టె ఆనుకుని ఉంది. ఆమె చేతులు కాచుకుంటూ, పక్కింటి కోడిని చూస్తూ నవ్వుతోంది.

"అమ్మా! కాలు!"

"ఏటే?"

బిందె వదిలేసి లాగేశాను. చర్మం ఊడి నా చేతికి వచ్చింది. అప్పుడు వంగి చూసుకుంది. తన పాదాన్ని — ఇంకెవరిదో చూసినట్టు. వేలితో ముట్టుకుంది. మళ్లీ ముట్టుకుంది.

"నాకేటీ తెలీనేదు, కుమారీ" అంది. గొంతు చిన్నపిల్లలా.

డిసెంబరు 5

ఇది షుగరు పనే, నరాలు మొద్దుబారిపోయాయంది డాక్టరమ్మ. కట్టు కట్టారు. రోజూ మార్చాలి. షుగరు దిగకపోతే పుండు మానదు. పుండు పాకితే విశాఖ తీసుకెళ్లాలి. ఆ తర్వాత ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అమ్మ అన్నీ అటు గోడ వైపు చూస్తూ విన్నది.

డిసెంబరు 7

పొద్దున నేను అడగకముందే — "అంబలుంతే ఇయ్యి."

గ్లాసెడు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది కూడా.

డిసెంబరు 12

తాగుతోంది. తింటోంది. రొట్టె అంటే రొట్టె, సామలంటే సామలు. బాగుందనదు, బాలేదనదు. ఆయన బండి దగ్గర నుంచి వచ్చేటప్పుడు ఆయన చేతుల వైపు చూసేది ఇదివరకు. ఇప్పుడు చూడదు.

పక్కింటావిడ — "దారిలో పడింది కదమ్మా మీ అమ్మ, అదృష్టమే." తల ఊపాను.

డిసెంబరు 18

షుగరు దిగింది. ఇంకా దిగాలి, కానీ దిగింది. డాక్టరమ్మ నా భుజం తట్టింది. పుండు మాత్రం అలాగే ఉంది, అంచులే మెల్లిగా మానుతున్నాయి. ఓపిక పట్టాలట.

నేను గెలిచాను గాబోలు. ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చాను. ఆమె తిడితే బాగుండు. గ్లాసు తోసేస్తే బాగుండు.

డిసెంబరు 21

సాయంత్రం టీ పెట్టి, నేనే అడిగాను. సిగ్గు విడిచి.

"అమ్మా, టీలోకి ఒక చిన్న ముక్క... బన్ను తెప్పించనా? ఒక్క ముక్కకి ఏమీ కాదులే."

డాక్టరమ్మ వింటే ఏమంటుందో. వినకపోతే మాత్రం తప్పు కాకుండా పోతుందా.

అమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. "వొద్దులే. మళ్లీ కాలు కాలితే తెలీదు కదా" అంది. కాలుతుందని కాదు, తెలియదని — ఆ భయంతో తింటోంది మూడు పూటలా. నేను చెప్పినందుకు కాదు, నేను వండినందుకు కాదు.

ఆ టీ ఇద్దరం తాగలేదు. చల్లారిపోయింది.

డిసెంబరు 26

అన్న ఫోను. "ఇంటికి తీసుకెల్లిపోతాను. మాటాడ్డం మానేసిందంట కదా, నీ మొగుడు సెప్పేడు. మా దగ్గర మనుసులుంతారు. అక్కడైతే నవ్వుతాది."

"కట్టు ఎవరు మారుస్తారన్నా? వదిన పొద్దున్నే తోటకి వెళ్లిపోతుంది. తిండి?"

"ఏటో ఒకటి తింతాది."

అదే నా భయం.

డిసెంబరు 28

రేపు పొద్దున జీపు తెస్తానన్నాడు అన్న. ఆయన "నీ తల్లి, నీ మాటే" అని తప్పుకున్నారు.

ఇక్కడుంటే కాలు మానుతుంది. మనిషి ఇలాగే గోడ వైపు తిరిగి ఉంటుంది. అక్కడికి వెళితే మాట వస్తుంది. వచ్చాక మళ్లీ పరోటా పొట్లాలు, కట్టు మార్చని కాలు... ఎటు తూచినా నా చేతికి ఏమీ రాదు.

చివరికి ఆమె పక్కన కూర్చుని అడిగాను. "ఉంటావా అమ్మా, వెళ్తావా?"

"నీ ఇష్టం, కుమారీ."

పుట్టి బుద్ధెరిగాక ఈ మాట ఆమె నోట వినలేదు. పెళ్లప్పుడూ అనలేదు, ఉద్యోగం వచ్చినప్పుడూ అనలేదు. నా చదువుకి అడ్డం వచ్చిన నాన్న మీదికి కత్తిపీట పట్టుకుని లేచిన మనిషి.

చీరలు మడతపెట్టి సంచిలో సర్దాను. మళ్లీ తీసి దండెం మీద వేశాను. ఆమె చూస్తూనే ఉంది.